నాన్న టాటామొబైల్‌కి సఫారీ టర్బో ఇంజను: ఉద్దానం బండి మళ్లీ రోడ్డెక్కింది

కవిటి కొబ్బరి

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ఫోరంలో మీరు రాసినవి చదువుకుంటూ బండి పని చేయించాను. పోయిన వారం ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అయింది, ఆర్సీలో కొత్త ఇంజను నంబరు ఎక్కింది. ఇంక మొత్తం చెప్పొచ్చు.

బండి మా నాన్నది, 1992 టాటామొబైల్. ఇప్పటి కుర్రాళ్లకి ఆ పేరు తెలియదు గాని, 1988లో ఈ పికప్ వచ్చేదాకా టాటా అంటే లారీ, బస్సు, అంతే. సియెర్రా, ఎస్టేట్, సుమో అన్నీ దీని తర్వాత దీని పునాది మీద వచ్చినవే. మావైపు "మొబైల్ బండి" అనేవారు. సెల్‌ఫోన్లు వచ్చాక మా అక్క కూతురు "తాతా, మొబైల్‌కి చక్రాలేటి?" అని అడిగేది.

నాన్న ఇరవై ఆరేళ్లు దీన్నే తోలారు. వేసవిలో జీడి పిక్కలు పలాసకి, మిగతా రోజుల్లో కొబ్బరికాయలు, పనసకాయలు. పిక్కల బస్తా 80 కేజీలు. పన్నెండు బస్తాలేస్తే 960. దానిమీద ఒక్క బస్తా ఎక్కించమన్నా నాన్న ఒప్పుకునేవారు కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. షెడ్డు పక్కన చెట్టు విరిగి సరిగ్గా క్యాబిన్ మీద పడింది. పైకప్పు స్టీరింగు దాకా దిగిపోయింది. మా తోటలో సగం చెట్లు పోయాయి, జీడి మొక్కలు వేళ్లతో లేచిపోయాయి. ఆ దిగులులో బండి గురించి ఎవరడుగుతారు? నాలుగేళ్లు టార్పాలిన్ కింద ఉండిపోయింది.

స్క్రాపు వాళ్లు బేరానికి వచ్చిన రోజున నాన్న ఏమీ మాట్లాడకుండా గ్లవ్‌బాక్సు మూత తెరిచి నాకు చూపించారు. లోపలివైపు మేకుతో గీసిన గీతలు. నాలుగు నిలువు, వాటిమీద ఒకటి అడ్డం, అలాగ కట్టలు కట్టలు. పలాసకి లోడు చేరిన ప్రతిసారీ ఒక గీతట. కూర్చుని లెక్కపెట్టాను. 1,140. స్క్రాపు వాళ్లని పంపేశాను.

చేయించిన పనులు: ఇంజను పాత టాటా సఫారీది, 1948 సీసీ, టర్బో, ఆ టర్బో తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉన్నది. దాంతోపాటే వచ్చిన గేర్‌బాక్సు. ముందు డిస్కులు, క్యాలిపర్లు సఫారీవి, బూస్టరు కొత్తది. వెనక డ్రమ్ములు, లైనింగు కొత్తవి. రేడియేటరుకి కొత్త కోర్. టైర్లు 215/75 ఆర్15. పైకప్పు కోసేసి వేరే క్యాబిన్‌ది అతికించాం. రంగు పాత తెలుపే. గ్లవ్‌బాక్సు మూత లోపలివైపు మాత్రం పెయింటరుని ముట్టుకోనివ్వలేదు.

ఖర్చు దాచుకోను. ఇంజను, గేర్‌బాక్సు కలిపి 72 వేలు, ఓవర్‌హాలింగుకి 58 వేలు, క్లచ్చు, క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌ని తిప్పే పళ్లచక్రాలు) పనులకి 46 వేలు, బ్రేకులకి 41 వేలు, క్యాబిన్, బాడీ, పెయింటు 1,65,000, టైర్లు 32 వేలు, రేడియేటరు 14 వేలు. మొత్తం 4 లక్షల 28 వేలు. ఈ డబ్బుకి సెకండ్‌హ్యాండ్ పికప్ వచ్చేస్తుందని మా ఊళ్లో అందరూ అన్నారు. వస్తుంది. దానిమీద గీతలుండవు.

గంటస్తంభం 35

అన్నా, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. మాది విజయనగరం, కోట వెనక. మా మావయ్యకి ఇలాంటిదే ఉండేది.

ఒక్క సందేహం. ఇంత ఖర్చు పెట్టినవాడివి 2007 తర్వాత సఫారీల్లో వచ్చిన 2.2 డైకార్ ఇంజను ఎందుకు వేయలేదు? 140 హార్స్‌పవరు, 320 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం). నువ్వు వేసినది 90 దగ్గర ఆగిపోతుంది. ఒకసారే ఇంజను దించుతాం కదా, దించినప్పుడు పెద్దదే ఎక్కించాలి.

సాలూరు లారీ

బాబూ, ముందు నిన్ను మెచ్చుకోవాలి. బ్రేకులకి 41 వేలు పెట్టానని రాశావు చూడు, అక్కడ ఆగి రెండోసారి చదివాను. ఇంజను మార్చినవాళ్లు నా దగ్గరకి చాలామంది వచ్చారు. బ్రేకుల గురించి అడిగితే "పాతవే పనిచేస్తున్నాయి" అంటారు. అరవై చిల్లర గుర్రాల బండిని ఆపడానికి పెట్టిన బ్రేకు తొంభై గుర్రాల బండిని ఎలాగ ఆపుతుంది? బరువు అదే కదా అంటారు. బరువు అదే, వేగం అదే కాదు. ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను పెద్దదనిపిస్తుంది, దిగేటప్పుడు బ్రేకు చిన్నదైపోతుంది.

మా సాలూరులో ఇంటికో లారీ అన్నట్టుండేది. విజయవాడ తర్వాత ఎక్కువ లారీలు మావే అనేవారు. ఊరిప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది గాని, నాకింకా నోట విజయనగరమే వస్తుంది. ముప్పై ఏళ్లు కొరాపుట్ ఘాటు తోలాను కాబట్టి అడుగుతున్నాను. వెనక లోడ్ సెన్సింగ్ వాల్వు సరిచేయించావా లేదా? వెనక స్ప్రింగు కమాను కట్టలో పట్టీలు పెంచావా?

కవిటి కొబ్బరి

గంటస్తంభం తమ్ముడూ, నేనూ మొదట డైకారే అనుకున్నాను. అడ్వాన్సు ఇవ్వబోయాను కూడా. ఎందుకు ఆగానో చెప్తాను.

మా బండిలో ఉన్న పాత ఇంజను 1948 సీసీ, టర్బో లేనిది. 1998లో సఫారీ వచ్చినప్పుడు అదే 1948కి టర్బో పెట్టి ఇచ్చారు. అంటే అన్నదమ్ములు. ఇంజను మౌంటింగులు మేం కొత్తగా కొట్టించాల్సిన పనే రాలేదు, రబ్బర్లు మార్చి బిగించాం. ఇంజను బిగించడానికి ఛాసీ మీద వెల్డింగు ఒక్క చుక్క పడలేదు. డైకార్ అయితే కామన్ రైలు, అంటే డీజిల్‌ని కంప్యూటరు కొలిచి ఇచ్చే రకం. ఈసీయూ అనే ఆ కంప్యూటరు కావాలి, వైరింగు జడ మొత్తం కావాలి, యాక్సిలరేటరు పెడల్‌తో సహా ఎలక్ట్రానిక్. ఒక్క సెన్సారు పోతే కవిటిలో స్కానరు పట్టుకుని ఎవరొస్తారు? ఇచ్ఛాపురం వెళ్లినా కష్టమే.

రెండోది వెనక హౌసింగు, అంటే వెనక యాక్సిల్ ఉండే పెట్టె. పాత ఇంజను టార్కు 320లో సగం కూడా లేదు. దాన్ని బట్టి చేసిన క్రౌన్ పినియన్‌కి, యాక్సిల్ షాఫ్టులకి, ప్రొపెల్లర్ షాఫ్టుకి ఆ బలం తగిలితే, పైగా వెనక 960 కేజీలుంటే, మొదటి గేరులో క్లచ్చు వదిలినప్పుడల్లా నా గుండె ఆగుతుంది. టర్బో సఫారీది 190 చుట్టూ ఉంటుంది. ఇది మోస్తుంది.

సాలూరు మాస్టారూ, పట్టీ ఒకటి పెంచాం. వాల్వు సంగతి మాత్రం మెకానిక్ "బాగానే ఉంది" అన్నాడు, నేను అంతటితో ఊరుకున్నాను. ఇప్పుడు మీరడిగాక భయమేస్తోంది.

సాలూరు లారీ

భయం కాదు, రేపు పొద్దున్నే పని చేయించు. ఆ వాల్వుకి లోడెంతుందో ఎలా తెలుస్తుందనుకున్నావు? ఛాసీకీ యాక్సిల్‌కీ మధ్య దూరం బట్టే. లోడెక్కితే బండి కిందకి దిగుతుంది, దానికున్న రాడ్డు కదులుతుంది, వాల్వు తెరుచుకుని వెనక చక్రాలకి బ్రేకు ఎక్కువిస్తుంది. నువ్వు పట్టీ పెంచావు. ఇప్పుడు పన్నెండు బస్తాలేసినా బండి మునుపంత దిగదు. వాల్వు "బండి ఖాళీ" అనుకుంటుంది. వెనక బ్రేకు తక్కువే ఇస్తుంది. బరువంతా ముందు డిస్కుల మీద పడుతుంది, దిగుడులో అవి కాలిపోతాయి.

రాడ్డు పొడవు మార్చుకోవడానికి నట్టు ఉంటుంది. ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి వెనక చక్రాల దగ్గర ప్రెషరు గేజీ పెట్టించి చూసుకుని బిగించుకో. అరపూట పని. వాన పడ్డ రోడ్డు మీద ఖాళీ బండితో గట్టిగా బ్రేకు కొట్టి చూడకు, ముందు గేజీతో చూడు.

చీపురుపల్లి పంపు

నాది పంపు, నాజిల్ పని. ఒక మాట కలుపుతాను, ఎందుకంటే నెలకి ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతూ వస్తారు: "పాత ఇంజనుకే టర్బో తగిలించేస్తే పోలేదా?" పోలేదు.

టర్బో గాలిని తోస్తుంది. గాలితోపాటు డీజిల్ పెరగాలి. టర్బో బండి పంపు మీద టోపీలాగ ఒక డబ్బా ఉంటుంది, లోపల డయాఫ్రం. మానిఫోల్డు నుంచి సన్నటి పైపు దానికి వస్తుంది. బూస్టు (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెరిగితే డయాఫ్రం దిగి డీజిల్ పెంచుతుంది. మామూలు పంపుకి ఆ ఏర్పాటు లేదు. స్క్రూ తిప్పి డీజిల్ పెంచేస్తే టర్బో ఇంకా అందుకోని వేగంలో నల్లపొగ కక్కుతుంది, పిస్టన్లు వేడెక్కుతాయి. టర్బో ఇంజనుకి పిస్టన్లు, రింగులు వేరుగా వస్తాయి, హెడ్ గ్యాస్కెట్ మీద పడే ఒత్తిడి వేరు. అందుకే పూర్తి ఇంజను, దాని పంపుతోనే తెచ్చుకోవాలి. ఈయన అలాగే చేశారు.

కవిటి గారూ, టర్బో షాఫ్టు ఆట, అదే వదులు, చూశారా బిగించేముందు?

కవిటి కొబ్బరి

చూడలేదండీ. దానికి శిక్ష కూడా పడింది. ఇంజనుతో వచ్చిన టర్బో కేసింగు పగిలి ఉంటే, రీకండిషన్ చేసినది ఒకచోట కొన్నాను. పెట్టెలో పెట్టి, స్టిక్కరు వేసి ఇచ్చారు. కొత్తదే అనుకున్నాను.

ఇంజను స్టార్టు చేసిన మూడో రోజు. షెడ్డులో నేనూ, మెకానిక్కూ, అతని దగ్గర పనిచేసే కుర్రాడూ. పది నిమిషాలు తిరిగింది. ముందు నీలం పొగ సన్నగా. తర్వాత ఇంజను శబ్దం దానంతటదే పైకి పోవడం మొదలైంది. పెడల్ మీద ఎవరి కాలూ లేదు. తాళం తీసేశాను. ఆగలేదు. షెడ్డంతా పొగ, రేకులు అదురుతున్నాయి. అప్పటికి నాకు అర్థం కాలేదు, టర్బో సీలు పోయి ఇంజను తన ఆయిలే తాగుతోందని. డీజిల్ ఆపితే ఏం లాభం, తాగేది డీజిల్ కాదుగా.

కుర్రాడు పరుగెత్తి బల్లమీదున్న మందపాటి చెక్క తెచ్చాడు. మెకానిక్ ఎయిర్ పైపు లాగేసి మూతి మీద ఆ చెక్క అదిమి పట్టాడు. రెండు సెకన్లు గిలగిల్లాడి ఆగింది. చెక్క మీద గుండ్రంగా అచ్చు పడింది. అరచేయి పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆ అచ్చు చూస్తే తెలిసింది. గాలి మూసే అవకాశం లేకపోతే, బండి టాప్ గేరులో వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని, క్లచ్చు ఒక్కసారి వదిలేయాలి, ఇంజను నలిగి ఆగుతుంది. డీజిల్ టర్బో బండి ఉన్న ప్రతి ఇంట్లో ఇది తెలిసుండాలి.

కొన్నచోటుకి వెళ్తే "మీ ఆయిల్ లైను తప్పు" అన్నారు. డబ్బు తిరిగి రాలేదు. రెండోసారి టర్బో కొన్నప్పుడు షాఫ్టు పట్టుకుని పక్కకి, ముందుకీ వెనక్కీ ఊపి చూశాకే తీసుకున్నాను. ఆయిల్ సరఫరా పైపు, వెనక్కి దిగే పైపు కొత్తవి వేశాను. ఇంటర్‌కూలరులో నిలిచిన ఆయిల్ అంతా కడిగించాను, లేకపోతే అదే మళ్లీ తాగేది.

చీపురుపల్లి పంపు

ఇంటర్‌కూలరు కడిగించాలన్న మాట ఎవరు చెప్పారో గాని, ఆయనకి దండం పెట్టండి. చాలామంది అక్కడే దెబ్బతింటారు. లోడు దింపాక వెంటనే తాళం తీయకండి, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. టర్బో ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఇంజను ఆగితే ఆయిల్ ఆగుతుంది, బేరింగు ఎండుతుంది.

డల్లాస్‌లో బొబ్బిలి

మాది బొబ్బిలి, పదేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఈ పనికి రెస్టోమోడ్ అని పేరు. పైకి పాత బండి, లోపల కొత్త బండి. శనివారం పొద్దున కాఫీ మీటింగులకి వెళ్తే 1967 నుంచి 72 దాకా వచ్చిన షెవర్లే సీ10 పికప్‌లు వరసగా కనపడతాయి. బానెట్ ఎత్తితే సగం వాటిలో జీఎం ఎల్ఎస్ వీ8 ఇంజను, 1997లో కార్వెట్ కోసం వచ్చిన కుటుంబం. సీ10లో ఎల్ఎస్ వేయడం ఇక్కడ ఎంత మామూలైపోయిందంటే మౌంటింగులు, ఎగ్జాస్టు, వైరింగు అన్నీ కిట్టుగా పెట్టెలో వస్తాయి. డిస్కులు కూడా అంతే. షెవర్లే తన చిన్న ట్రక్కులన్నిటికీ ముందు డిస్కులు 1971లో ఇచ్చింది, అంతకుముందు బండి కొన్నవాళ్లు మొదట చేసే పని ఆ డిస్కులు తెచ్చి బిగించడమే.

2021లో ఫోర్డ్ వాళ్లే తమ 1978 ఎఫ్-100 పికప్‌లో మస్టాంగ్ మాక్-ఈ ఎలక్ట్రిక్ మోటార్లు రెండు పెట్టి చూపించారు. 480 హార్స్‌పవరు. పాత డొక్కు అలాగే.

వాటి పక్కన నిలబడి చూసినప్పుడు నాకెప్పుడూ ఒక వెలితి ఉండేది, ఏంటో తెలిసేది కాదు. ఈ పోస్టు చదివాక తెలిసింది. అక్కడి బండ్ల వెనక బాడీలో చెక్కలకి వార్నిష్ వేసి అద్దంలా మెరిపిస్తారు. వాటిమీద బస్తా పడదు. అన్నా, మీ బండి మీద బస్తా పడిన రోజున దయచేసి ఫొటో పెట్టండి.

గంటస్తంభం 35

హౌసింగు మాట ఒప్పుకుంటున్నాను అన్నా. కానీ డైకార్‌తో పాటు సఫారీ హౌసింగు కూడా దించి వేస్తే సరిపోయేది కదా. ఎలాగూ గేర్‌బాక్సు తెచ్చావు.

కవిటి కొబ్బరి

సఫారీ వెనక కాయిల్ స్ప్రింగులు తమ్ముడూ, మాది కమాను కట్ట. ఆ హౌసింగు ఎక్కించాలంటే పాత బ్రాకెట్లు కోసి, కమానుకి సీట్లు వెల్డింగు చేసి, బ్రేకు పైపులు మార్చి... అప్పుడది నాన్న బండి కాదు, ఆయన బండి చర్మం కప్పుకున్న ఇంకో బండి. అలా చేసేవాళ్లని నేను తప్పుపట్టను. నాకు వద్దనిపించింది.

ఆర్సీ బుక్కు

చట్టం గురించి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. శ్రీకాకుళంలో బండ్ల కాగితాల పని చేస్తాను.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టసవరణలో 182ఎ చేరింది: అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్నది గుర్తుపెట్టుకోండి. ఛాసీ కోసి పొడవు పెంచడం, క్యాబిన్ ఆకారం మార్చడం లాంటివి చేసి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగితే పని జరగదు.

ఇంజను మార్చడం మాత్రం దారి ఉన్న పని. ముందు అనుమతి తీసుకోవాలి, మార్చాక ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. తెచ్చిన ఇంజను ఏ బండిదో, ఆ బండి ఆర్సీ రద్దయిన కాగితం, కొన్న బిల్లు చేతిలో ఉండాలి. ఇంజను దొంగ బండిది కాదని తేలాలి. బిల్లు లేని ఇంజను ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకండి. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఈయన పాత తెలుపే వేయించారు కాబట్టి ఆ తిప్పలు లేవు.

కవిటి కొబ్బరి

సరిగ్గా చెప్పారు సార్. నేను ఇంజను చూసింది ఒక చోట, కొన్నది ఇంకో చోట. మొదటిది 18 వేలు తక్కువ, కాని "కాగితాలు తర్వాత చూద్దాం" అన్నాడు. వదిలేశాను. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంజను నంబరు మీద పౌడరు రుద్ది టేపుతో అచ్చు తీసుకున్నారు. "పాతదీ 1948, కొత్తదీ 1948. మంచి పని చేశావు" అన్నారు. పొగ పరీక్ష మొదటిసారే పాసయింది.

నరసన్నపేట విల్లీస్

నా దగ్గర మా తాతగారి జీపు ఉంది, 1968ది. మధ్యలో డీజిల్ ఇంజను వేశారు. వింటేజ్ నంబరు వస్తుందంటున్నారు, నిజమేనా?

ఆర్సీ బుక్కు

2021 జులైలో వచ్చిన నిబంధన. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకపు బండి అయి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి. నంబరులో రాష్ట్రం కోడు తర్వాత వీఏ అక్షరాలు వస్తాయి, పదేళ్ల గడువు. కొత్త రిజిస్ట్రేషనుకి ఫీజు 20,000. ఆ నంబరుతో రోజూ తిరగడం కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ, డీజిల్ పోయించుకోవడానికీ, మరమ్మతులకీ మాత్రమే. మీ జీపులో ఇంజను మారింది కాబట్టి "అసలు రూపం" దగ్గరే పేచీ వస్తుంది. పాత పెట్రోలు ఇంజను షెడ్డులో ఉంటే పారేయకండి.

పొందూరు మేడమ్

నేను మెకానికల్ డిప్లొమా పిల్లలకి పాఠాలు చెప్తాను. ఈ చర్చ మొత్తం క్లాసులో చదివించాను. పిల్లలు ఒక ప్రశ్న వేశారు: 235/75 ఆర్15 వేస్తే ఇంకా బాగుండేది కదా, సఫారీకి అవే కదా అని. బోర్డు మీద లెక్క కట్టించాను, ఇక్కడా పెడుతున్నాను.

215లో 75 శాతం 161.25 మిల్లీమీటర్లు, అది టైరు గోడ ఎత్తు. రెండు వైపులా కలిపి 322.5, మధ్యలో రిమ్ము 15 అంగుళాలంటే 381. మొత్తం 703.5. అదే 235కి కడితే 733.5 వస్తుంది. తేడా నాలుగు శాతం పైచిలుకు. అంటే 215కి సరిపెట్టిన మీటరులో 80 చూపిస్తుంటే బండి 83 మీద పోతుంటుంది. ప్రతి గేరూ నాలుగు శాతం బరువెక్కుతుంది. లోడుతో ఎత్తు ఎక్కే బండికి అది కనబడే తేడా. మీరు 215తో ఆగడం మంచిదయింది.

నా ప్రశ్న తుప్పు గురించి. కవిటి అంటే సముద్రం పక్కనే. ఛాసీ లోపలివైపు ఏం చేశారు?

కవిటి కొబ్బరి

మేడమ్, మా ఇంటికి సముద్రం మూడు కిలోమీటర్లు. రాత్రి గాలి తిరిగితే నాలుక మీద ఉప్పు తెలుస్తుంది. ఛాసీ ఎడమవైపు పట్టీ, వెనక కమాను బ్రాకెట్టు దగ్గర, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోయింది. అక్కడ అరడుగు ముక్క అదే మందం రేకుతో మార్పించాం. మిగతాదంతా శాండ్ బ్లాస్టింగు చేయించి, అదే రోజు సాయంత్రంలోగా జింకు ప్రైమరు కొట్టించాం. రాత్రంతా వదిలేస్తే మా ఊరి గాలికి తెల్లారేసరికి ఎర్రబడిపోతుంది. ఛాసీ పెట్టె లోపలికి బ్రష్షు పోదు కదా, పొడవు నాజిలుతో మైనం కలిసిన ఆయిల్ స్ప్రే చేశాం. నీళ్లు దిగే చిల్లులు మూసుకుపోకుండా ముందే తీగ గుచ్చి ఉంచాం. ఏడాదికోసారి మళ్లీ కొట్టాలి.

సాలూరు లారీ

బాబూ, వాల్వు సంగతి ఏమైంది?

కవిటి కొబ్బరి

మాస్టారూ, మీరన్నట్టే ఉంది. గేజీ పెట్టి చూస్తే లోడుతోనూ, ఖాళీగానూ దాదాపు ఒకటే ప్రెషరు. రాడ్డు సరిచేశాక లోడుతో వెనక ప్రెషరు బాగా పెరిగింది. మీరు అడగకపోతే నేను అలాగే తోలుకుంటూ పోయేవాణ్ని. నాన్న మీకు నమస్కారం చెప్పమన్నారు.

ఆదివారం ఇసుక బస్తాలు వేసుకుని మీ ఊరు వచ్చాను, సాలూరు దాటాక ఘాటు మొదలయ్యే చోటికి. రాష్ట్రం దాటలేదు. మూడో గేరులో, గంటకి 40 దగ్గర, బండి ఎక్కుతుంటే నాన్న పక్క సీట్లో కూర్చుని రెండుసార్లు వంగి గేరు లివరు వైపు చూశారు. పాత ఇంజనుతో అక్కడ రెండులో పడేదట. బూస్టు గేజీ 0.8 బార్ చూపించింది. ఎగ్జాస్టు వేడికి కూడా గేజీ పెట్టాను, 700 డిగ్రీలు దాటితే కాలు తీసేస్తాను.

ఒక్కటే తేడా కొట్టింది. ఆరేడు మలుపులు ఎక్కేసరికి నీళ్ల వేడి ముల్లు ఎరుపు దగ్గరికి వచ్చేసింది. పక్కకి ఆపి చల్లార్చాను. రేడియేటరు కొత్త కోర్, నీళ్లు నిండుగా ఉన్నాయి, థర్మోస్టాటు మంచిదే. ఇంటర్‌కూలరు రేడియేటరు ముందు పెట్టాం, అది గాలి ఆపేస్తోందా?

సాలూరు లారీ

కొంత ఆపుతుంది, కాని అంత కాదు. ఫ్యాను చుట్టూ ష్రౌడ్, అదే రేడియేటరు దాకా ఉండే తొడుగు, ఉందా? ఇంజను మారినప్పుడు ఫ్యాను ముందుకో వెనక్కో జరుగుతుంది, పాత ష్రౌడ్ పనికిరాదని తీసి పక్కన పడేస్తారు. 40 వేగంలో ఎత్తు ఎక్కే బండికి ఎదురుగాలి ఉండదు, గాలి లాగాల్సింది ఫ్యానే. ష్రౌడ్ లేని ఫ్యాను రేడియేటరు గుండా లాగదు, పక్కనున్న వేడి గాలినే తిప్పుతుంది. రేకుతో కొట్టించు. రెక్కల వెడల్పులో సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. చుట్టూ ఖాళీ అంగుళం దాటకూడదు. ఇంజను రబ్బర్ల మీద ఊగుతుంది, అంతకంటే దగ్గరైతే రెక్క తగులుతుంది. ఇంటర్‌కూలరుకీ రేడియేటరుకీ మధ్య పక్కల ఖాళీలుంటే రబ్బరు పట్టీ అతికించు, గాలి పక్కదారి పట్టకుండా.

కవిటి కొబ్బరి

ష్రౌడ్ షెడ్డు మూల దొరికింది మాస్టారూ. మేమే తీసి పడేశాం.

డల్లాస్‌లో బొబ్బిలి

మూడు వారాలైంది అన్నా, ఏ కబురూ లేదు. ష్రౌడ్ ఏమైంది?

కవిటి కొబ్బరి

జీడి పిక్కలు ఏరే రోజులు, తీరిక లేదు తమ్ముడూ. రేకు ష్రౌడ్ కొట్టించి బిగించాను, ఖాళీ చుట్టూ ముప్పాతిక అంగుళం. మళ్లీ ఘాటుకి వెళ్లాను, అదే బరువుతో. ముల్లు సగం దాటి కొంచెం పైకి వెళ్లి అక్కడే నిలబడింది.

నిన్న పొద్దున పన్నెండు బస్తాలతో పలాస వెళ్లాం. తోలింది నాన్నే. సోంపేట దాటాక హైవే మీద ఒక బస్సుని దాటారు, దాటాక అద్దంలో చాలాసేపు చూశారు. కాశీబుగ్గలో కమిషను కొట్టు ముందు ఆపి, నేను చెప్పకుండానే ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి తాళం తీశారు. కూలీలు వెనక తలుపు డాలా దించుతుంటే మేకు కోసం సీటు కింద వెతికారు. దొరకలేదు. కొట్టువాళ్లని అడిగి ఒకటి తెచ్చిచ్చాను. ఫొటో ఇంటికెళ్లి పెడతాను, ఇక్కడ సిగ్నలు లేదు.